పేరు పెట్టి ఎవరో పిలిచినట్టు వినిపిస్తే పిచ్చి పట్టినట్టేనా?

ప్రశ్న: నా వయసు 34. నాలుగు నెలల కిందట నాన్న పోయారు. ఆ తర్వాత రెండుసార్లు, సరిగ్గా నిద్ర పట్టబోతుండగా, ఆయన నన్ను పేరు పెట్టి పిలిచినట్టు వినిపించింది. లేచి చూస్తే ఎవరూ లేరు. కాలేజీ రోజుల్లో కూడా పరీక్షల కోసం వరసగా రాత్రులు మేలుకున్నప్పుడు ఒకసారి ఇలాగే అయింది. నెట్‌లో వెతికితే స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు అని వచ్చింది, అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నాకు పిచ్చి పడుతోందా? ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి నాకైతే అలా అనిపించడం లేదు. లేని మాట వినిపించడాన్ని భ్రాంతి అంటాం, పేరు వింటేనే భయమేస్తుంది గానీ అది జనంలో మనం అనుకునేంత అరుదు కాదు. 2015లో వచ్చిన ఒక పెద్ద సర్వేలో 18 దేశాల్లో 31 వేల మందికి పైగా పెద్దవాళ్లను అడిగారు. జీవితంలో ఎప్పుడో ఒకసారైనా భ్రాంతులో, ఎవరో తన మీద కుట్ర పన్నుతున్నారన్నలాంటి భ్రమలో కలిగాయన్నవాళ్లు దాదాపు నూటికి ఆరుగురు. అదీ నిద్రమత్తులో, మందు మత్తులో జరిగినవి తీసేశాక! అందులోనూ మూడోవంతు మందికి అది ఒక్కసారే జరిగి ఊరుకుంది. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సుమారు 300 మందికి ఒకరు. ఒకటి జీవితం మొత్తం మీద లెక్క, రెండోది ఇప్పుడు జబ్బుతో ఉన్నవాళ్ల లెక్క కాబట్టి పక్కపక్కన పెట్టి చూడటం పూర్తిగా సరికాదు, అయినా తేడా ఎంతుందో తెలుస్తోంది కదా.

ఇక మీ విషయం. నిద్రలోకి జారేటప్పుడు మాటలు వినిపించడం, మనుషులు కనిపించడం ఇంకా మామూలు. 1996లో బ్రిటన్‌లో దాదాపు 5 వేల మందిని అడిగితే 37 శాతం మంది తమకు అలా అవుతుందన్నారు. దానికి తోడు మీకు తండ్రి పోయిన దుఃఖం. 1971లో వేల్స్‌లో ఒక డాక్టరు, భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడితే, పోయినవాళ్లు పక్కనే ఉన్నట్టు అనిపించిందనో, గొంతు వినిపించిందనో చెప్పినవాళ్లు సగానికి కొంచెం తక్కువ. వాళ్లలో చాలామంది అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు, అచ్చం మీలాగే.

ఎందుకిలా అంటే, మెదడు చెవిలో పడ్డ శబ్దాన్ని ఉన్నదున్నట్టు రికార్డు చేసుకునే యంత్రం కాదు, సగం ఊహించి పూరిస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా విన్న గొంతు అది. అలసిపోయి, నిశ్శబ్దంలో, ఆయన గురించే మనసు కొట్టుకుంటున్నప్పుడు ఆ ఊహే శబ్దంగా వినపడొచ్చు.

మరి ఎప్పుడు కంగారు పడాలి? నేను చూసేది వినిపించిందా లేదా అని కాదు, విన్న తర్వాత మనిషి ఏమవుతున్నాడని. మీరు లేచి చూశారు, ఎవరూ లేరని ఒప్పుకున్నారు. అదే పట్టపగలు, పూర్తి మెలకువలో, రోజూ వినిపిస్తూ, మీ పనుల మీద వ్యాఖ్యానం చేస్తూ, ఆ మాట నిజమేనని మీరు గట్టిగా నమ్ముతూ, ఉద్యోగం, స్నేహాలు వదిలేసి గదిలో కూర్చుంటే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాల్సిందే. చచ్చిపో అనో, ఎవర్నో కొట్టు అనో గొంతు చెబుతుంటే ఆ రోజే వెళ్లాలి, రేపటిదాకా ఆగొద్దు. గంజాయి అలవాటుంటే మానండి, నిద్ర చెడకుండా చూసుకోండి. ఇంకోటి, ఇలా ఎప్పుడో ఒకసారి వినిపించేవాళ్లలో స్కిజోఫ్రెనియా కంటే డిప్రెషన్‌, ఆందోళన ఉన్నవాళ్లనే ఎక్కువమందిని చూస్తుంటాం, కాబట్టి నాలుగు నెలలైనా దుఃఖం కాస్త కూడా తగ్గకపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఇంట్లో కూడా చెప్పండి. ఎవరికి తెలుసు, మీ అమ్మగారికీ వినిపించి ఉండొచ్చు.

ప్రశ్న: మా బాబుకి 11 ఏళ్లు. ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందని రెండుమూడు సార్లు అన్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఈ వయసులో ఇది పెద్దవాళ్లలో కంటే ఎక్కువే. చాలా అధ్యయనాలను కలిపి చూస్తే 9 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో సుమారు 17 శాతం, 13 దాటాక సుమారు 7.5 శాతం. చాలామందిలో దానంతటదే పోతుంది. తిట్టకండి, నవ్వకండి, అబద్ధాలాడుతున్నావని అనకండి. ఆ గొంతు ఏమంటోందో, విన్నప్పుడు భయమేస్తోందా అని మెల్లగా అడగండి, స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కనుక్కోండి. భయపడుతున్నా, చదువు, నిద్ర చెడుతున్నా పిల్లల మానసిక వైద్యులకు ఒకసారి చూపించండి.