పంజరంలో బుసలు, అర్ధరాత్రి రెక్కల చప్పుడు

ప్రశ్న: మాది గుంటూరు పక్కన నల్లపాడు, మిర్చి రైతులం. పాప అడిగిందని కొన్న మగ కాకటీల్ చిలుకకు ఏడాదిన్నర వయసు. బయట ఉంటే భుజమెక్కి కూర్చుంటుంది. రెండు నెలలుగా గింజల గిన్నె మార్చబోతే బుసకొట్టి, రక్తం వచ్చేలా కొరుకుతోంది. ఒంటరిగా ఉందని అద్దం, దాక్కోవడానికి చిన్న కుండ కట్టాం. పంజరం హాల్లో టీవీ పక్కనే ఉంటుంది. పదకొండింటికి టీవీ కట్టేసి, దుప్పటి కప్పి పడుకుంటాం. వారంలో రెండు మూడు రాత్రులు ఉన్నట్టుండి లేచి కమ్మీలకేసి కొట్టుకుంటోంది. మొన్న రెక్క ఈక విరిగి రక్తం కారింది. ఇది మూర్ఛా? మందు చెప్పగలరు.
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: మీరు రాసింది రామచిలుక గురించి అయితే ముందు అటవీశాఖ వారికి చెప్పమనేవాడిని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచకూడదు. కాకటీల్ ఆస్ట్రేలియా పక్షి కనుక మీకు ఆ చిక్కు లేదు.

మీరు వర్ణించిన తీరు మూర్ఛలా లేదు. ఇది రాత్రి బెదురు. చిలుక జాతుల్లో కాకటీల్‌కు ఇది ఎక్కువ. చీకట్లో వాటికి చూపు సరిగా ఆనదు. గోడ మీద బల్లి పాకినా, కిటికీలోంచి లారీ వెలుగు పడినా ముందు ఎగరడమే వాటికి తెలుసు. మీరు కప్పిన దుప్పటితో కూర్చునే పుల్ల ఎక్కడుందో కూడా కనిపించక కమ్మీలకు కొట్టుకుంటోంది.

ఇక కొరకడం. మీకు తెలియకుండానే మీ చిలుకతో సంసారం పెట్టించారు. అడవిలో ఇవి చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. మీ కుండ దానికి తొర్ర, అద్దంలోని పిట్ట దానికి జోడు. గిన్నె నిండా గింజలు, రాత్రి పదకొండు దాకా వెలుతురు ఉంటే పిల్లల్ని పెంచే కాలం వచ్చిందనుకుంటుంది. మగది గుడ్లెందుకు కాస్తుందని అడగకండి. కాకటీల్‌లలో మగది కూడా వంతు వేసుకుని పొదుగుతుంది. దాని లెక్కలో మీ చెయ్యి గూటిలోకి దూరిన పాము. పైగా రోజుకు పది, పన్నెండు గంటలు నిద్రపోవాల్సిన పిట్టకు మీ ఇంట్లో అందులో సగం కూడా దక్కుతున్నట్టు లేదు. నిద్ర చాలని పిట్ట పగలంతా చిరచిరలాడుతుంది. అందుకే మీ రెండు బాధలనూ నేను విడదీసి చూడను.

పిట్ట బయట ఉన్నప్పుడు కుండ, అద్దం రెండూ తీసేయండి. కొన్నాళ్లు అలుగుతుంది, వెతుక్కుంటుంది. జాలిపడి మళ్లీ కట్టకండి. గిన్నెలు మార్చడం, అడుగు కాగితం తీయడం కూడా అది బయట ఉన్నప్పుడే. బయటికి తేవడానికి చెయ్యి లోపలికి పెట్టకుండా, తలుపు దగ్గర ఒక పుల్ల పట్టుకుని నిలబడండి. ఆ పుల్ల చివర కొర్ర కంకి చూపించండి. అడుగు వేస్తే రెండు గింజలు తిననివ్వండి. మొదటి రోజు మెడ చాచి చూస్తుంది, అంతే. రోజూ అయిదారు నిమిషాలు చాలు. కొర్ర కంకిని ఈ పాఠానికే దాచండి, గిన్నెలో వేస్తే దాని విలువ పోతుంది.

తల మీది జుట్టు చూడటం పాపకు నేర్పండి. జుట్టు వెనక్కి అతుక్కుపోయి, నోరు తెరిచి బుసకొడితే ఆ పూటకు వదిలేయాలి. నిటారుగా లేస్తే బెదిరిందని అర్థం. కొరికినప్పుడు అరవకండి, ముక్కు మీద కొట్టకండి, నీళ్లు చల్లకండి. అరుపును అది తమాషా అనుకునే అవకాశమూ ఉంది.

పంజరాన్ని హాల్లోంచి నిశ్శబ్దంగా ఉండే గదిలోకి, గోడకు ఆనించి మార్చండి. రాత్రి ఏడున్నరకల్లా దీపాలు తగ్గించండి. దుప్పటి వద్దు, మన ఎండాకాలంలో అది మరీ ప్రమాదం. పాత నూలు పంచెను మూడు వైపులా కప్పి, ముందువైపు వదిలేయండి. ఒక చిన్న బెడ్‌లైటు తెల్లవార్లూ వెలగాలి. కరెంటు పోతే అదీ ఆరిపోతుంది కనుక ఇన్వర్టర్ ఉంటే దానికి కలపండి. ఊయల, గంటల వంటివి రాత్రికి తీసేయండి. దోమల చుట్ట ఆ గదిలో వెలిగించకండి, పంజరం మీద దోమతెర వేయండి.

మళ్లీ కొట్టుకుంటే పరుగెత్తి పట్టుకోకండి. దీపం వేసి, దూరం నుంచే పేరు పెట్టి మెల్లగా పిలవండి. అది కుదుటపడ్డాక రెక్కలు చూడండి. ఎదుగుతున్న ఈకలో నెత్తురు ఉంటుంది, విరిగితే బాగా కారుతుంది. శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు నొక్కి పట్టండి. ఆగకపోతే తెల్లారేదాకా చూడకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. పిట్ట నేల మీద పడి కాళ్లు బిగుసుకోవడం, పగలు ఈకలు ఉబ్బించి మూలన కూర్చోవడం, ఊపిరికి తోక ఎగసిపడటం కనిపిస్తే అది బెదురు కాదు. వెంటనే చూపించండి.

మీరు మిర్చి రైతు కనుక ఇంకొకటి. పక్షులకు మిరప మంట తెలియదు, మీ చిలుక పండుమిరపకాయను కులాసాగా తినేస్తుంది. కానీ పురుగుమందు కొట్టిన చేలో కాయ పెట్టకండి. మందు కొట్టి వచ్చిన బట్టలతో పంజరం దగ్గరికి వెళ్లకండి, స్నానం చేశాకే భుజం ఎక్కనివ్వండి.