వాహనాల రద్దీ లేకుండా నదీ లోయలో, ద్రాక్షతోటల మధ్య నాలుగు రోజుల సైకిల్ యాత్రకు ఎక్కడికి వెళ్ళాలి?

మీరు అడిగినవి మూడు. దారిలో కార్ల బెడద ఉండకూడదు, నది పక్కనే ద్రాక్షతోటలు కనిపించాలి, రోజూ సైకిల్ తొక్కే అలవాటు లేని మీ దంపతులిద్దరూ పన్నెండేళ్ళ మీ అమ్మాయీ నాలుగు రోజుల్లో హాయిగా ముగించగలగాలి. ఈ మూడూ ఒక్కచోట కుదిరే ప్రాంతంగా నేను జర్మనీలోని మోజెల్ లోయ పేరే చెబుతాను. అక్కడ నేను రెండుసార్లు తిరిగాను. మొదటిసారి ఒంటరిగా వెళ్ళాను, రెండోసారి నా భార్యనూ పదకొండేళ్ళ మా అబ్బాయినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆస్ట్రియాలో డాన్యూబ్ ఒడ్డున మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ఉన్న వాఖావు లోయ కూడా చాలా అందమైనదే కాని, దాని పొడవు 40 కిలోమీటర్లు కూడా ఉండదు కనుక నాలుగు రోజుల యాత్రకు చాలదు.

ట్రియర్ నుంచి మోజెల్ నది రైన్‌లో కలిసే కోబ్లెంజ్ వరకు నేరుగా గీత గీస్తే దూరం 100 కిలోమీటర్లకు కాస్త తక్కువే ఉంటుంది, అయితే నది అన్ని మెలికలు తిరుగుతూ పోతుంది కాబట్టి సైకిల్ దారి 200 కిలోమీటర్ల దాకా వస్తుంది. అంత దూరంలోనూ ఎత్తుపల్లాలు దాదాపు లేవు. పెద్ద పడవలు తిరగడానికి వీలుగా ఈ నదికి ఆనకట్టలూ లాకులూ కట్టి 1964లో పని పూర్తి చేశారు, అప్పటి నుంచి నీళ్ళు మెట్లు మెట్లుగా నిలిచి నిదానంగా సాగుతున్నాయి, పక్కనున్న దారి కూడా అంతే చదునుగా ఉంటుంది. గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచి వీస్తుంది కనుక ట్రియర్ నుంచి కోబ్లెంజ్ వైపుకు, అంటే ప్రవాహం వెంట వెళ్ళడమే మేలు.

అయితే ఒక విషయం ముందే చెప్పాలి. మోజెల్ సైకిల్ దారి మొత్తం వాహనాలు లేనిదని చాలామంది రాస్తారు, అది పూర్తిగా నిజం కాదు. చాలాచోట్ల లోయ ఇరుకు, అందులోనే ప్రధాన రహదారీ సైకిల్ దారీ ఇమడాలి. మొదటి యాత్రలో నేను పటం చూడకుండా, ఏ బోర్డు ముందు కనబడితే దాని వెంట వెళ్ళి, ఒక పూటంతా లారీల హోరు వింటూ తొక్కాను. మధ్యలో కంచె ఉంది కాబట్టి ప్రమాదమేమీ లేదు, కాని నేను వచ్చింది ఆ చప్పుడు వినడానికి కాదు. సాయంత్రం బస చేసిన చోట పటం పరిచి చూస్తే అసలు సంగతి అర్థమైంది: రహదారి సాధారణంగా ఒక ఒడ్డునే ఉంటుంది, ఊరూరా వంతెనలున్నాయి, కొన్ని ఊళ్ళలో దాటించే పడవలున్నాయి, కాబట్టి రోడ్డు ఇవతలికి వచ్చినప్పుడల్లా మనం అవతలికి మారిపోవచ్చు. ఉదాహరణకు బెర్న్‌కాస్టెల్ నుంచి గ్రాఖ్ మీదుగా ట్సెల్టింగెన్ వెళ్ళే రహదారి కుడి ఒడ్డున ఉంది. మీరు కూస్ వైపు, అంటే ఎడమ ఒడ్డున వేలెన్ మీదుగా వెళ్ళండి. అక్కడ నదికి అవతల కొండవాలు మీద, తోట నడుమ తెల్లగా ఒక సూర్యగడియారం కనిపిస్తుంది. 1842లో తోట పనివాళ్ళకు పొద్దు తెలియడానికి కట్టిన ఆ గడియారం పేరే ఆ ద్రాక్షతోటకూ వచ్చింది.

మొదటి రోజుకు మాత్రం నది ఒడ్డున మొదలుపెట్టవద్దు, ఇది నా గట్టి సలహా. కోబ్లెంజ్-ట్రియర్ రైలు మార్గంలో విట్‌లిఖ్ స్టేషన్‌లో దిగి, సైకిళ్ళ కోసం వెనుక ట్రైలర్ తగిలించుకుని నడిచే రెజియోరాడ్లర్ బస్సులో ఐఫెల్ కొండల్లోని డౌన్ అనే ఊరికి వెళ్ళండి. ఆ బస్సు సీజన్‌లోనే నడుస్తుంది, సైకిళ్ళకు చోటు ముందుగా రిజర్వు చేసుకోవాలి. డౌన్ నుంచి బెర్న్‌కాస్టెల్-కూస్ దాకా 58 కిలోమీటర్ల మారె-మోజెల్ దారి పాత రైలు కట్ట మీద వేసింది. రైలు వాలు ఎక్కువ ఎక్కలేదు, దిగలేదు కనుక ఆ దారి వాలు కూడా 3 శాతం లోపే ఉంటుంది. మొదట కాసేపు కొద్దిగా ఎక్కాలి, ఆ తర్వాత చాలా దూరం దిగుడే. పాత అగ్నిపర్వతాలు పేలినచోట ఏర్పడిన గుండ్రటి చెరువుల పక్క నుంచీ, ఎత్తైన రైలు వంతెనల మీదుగానూ, కొండల్లో తొలిచిన సొరంగాల్లోంచీ అది సాగుతుంది. వాటిలో పెద్ద సొరంగం అర కిలోమీటరు దాటి ఉంటుంది. లోపల దీపాలున్నా జూన్ నెలలోనే చలి వేసింది, మా అబ్బాయి అరిచి ప్రతిధ్వని వినడానికి రెండుసార్లు ఆగాడు. కార్ల గొడవ లేని దారి అని నేను నిస్సంకోచంగా చెప్పగలిగేది దీన్నే, పిల్లలతో వెళ్ళేవారికి ఇంతకంటే మంచి ఆరంభం నాకు తెలియదు.

రెండో రోజు బెర్న్‌కాస్టెల్ నుంచి ట్రాబెన్-ట్రార్‌బాఖ్ దాకా సుమారు 25 కిలోమీటర్లు, మూడో రోజు అక్కడి నుంచి ట్సెల్ దాకా సుమారు 20 కిలోమీటర్లు పెట్టుకోండి. ఇంత తక్కువ ఎందుకని అనుకోవద్దు, ఆగి చూడవలసినవి ఈ భాగంలోనే ఉన్నాయి. ట్సెల్ దగ్గర నది తిరిగే మెలిక మెడ ఎంత సన్ననిదంటే, రైలు దాన్ని 458 మీటర్ల సొరంగంతో దాటేస్తుంది, సైకిల్ మీద మనం నది వెంట 10 కిలోమీటర్లకు పైగా చుట్టి రావాలి. ఆ మెడ మీద ఉన్న మారియెన్‌బుర్గ్ అనే పాత మఠం దగ్గర నిలబడితే అటూ ఇటూ అదే నది కనిపిస్తుంది. మెలిక వెలుపలి వైపును నీరు కోసేస్తుంది కనుక అక్కడ కొండ నిటారుగా లేస్తుంది, లోపలి వైపు ఒండ్రు పేరుకుని చదునైన నేల ఏర్పడుతుంది. దక్షిణానికి తిరిగిన నిటారు వాలుల మీద, పగలు ఎండను దాచుకుని రాత్రి వెచ్చదనం వదిలే నల్లటి పలకరాయి మీద రీస్లింగ్ ద్రాక్ష పండుతుంది.

ఆ తోటలను దారి పక్కనే దగ్గరగా చూడవచ్చు. పందిళ్ళు గాని తీగల వరుసలు గాని లేని పాత తోటల్లో ఒక్కొక్క మొక్కకూ ఒక్కొక్క గుంజ పాతి, రెండు కొమ్మలను చెరో వైపు వంచి కింద కట్టేస్తారు, దాంతో అది హృదయాకారంలో నిలబడుతుంది. వాలు మీద యంత్రాలు నిలవవు కాబట్టి ఆ పనంతా చేతితోనే జరుగుతుంది. మనుషులూ ద్రాక్ష బుట్టలూ ఎక్కి దిగడానికి రంపంలా పళ్ళు తీసిన ఒకే ఒక రైలు పట్టా వేసి, దాని మీద చిన్న ఇంజను నడుపుతారు. బ్రెమ్ ఊరి దగ్గరి కాల్మోంట్ వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీల దాకా ఉంటుంది. నాలుగో రోజు ట్సెల్ నుంచి కోకెమ్ వెళ్తూ, నదికి ఇవతల స్టూబెన్ మఠం శిథిలాల దగ్గర ఆగి ఆ వాలును తలెత్తి చూడండి. ఆ రోజు దూరం ముందు రెండు రోజుల కంటే కొంచెం ఎక్కువ, 35 నుంచి 40 కిలోమీటర్లు. బైల్‌ష్టైన్ ఉన్న కుడి ఒడ్డున తిరిగేది స్థానిక వాహనాలే కనుక అటువైపు ఉండండి.

మనకు యాత్ర అయిన ఆ దారి రైతులకు పొలం దారి అని గుర్తుంచుకోవాలి. ట్రాక్టరు ఎదురైతే మనమే పక్కకు దిగాలి. సెప్టెంబరు చివర, అక్టోబరులో కోతలు సాగుతాయి, తోటల దారుల్లో పని బాగా జరుగుతుంది, పిల్లలతో వెళ్ళడానికి మే, జూన్ నెలలు నయం. జూలై, ఆగస్టు ఎండకు ఆ పలకరాయి కాలిపోతుంది, దారిలో నీడ తక్కువ. ఆ రాయి ముక్కలు చాకుల్లా ఉంటాయి. వాన వెలిసిన మర్నాడు వాలు మీది నుంచి కొట్టుకొచ్చిన గోరంత పలుకు ఒకటి నా వెనుక టైరులో దిగబడి, చేత్తో లాగినా రాలేదు. సైకిల్‌కు ఒక్కొక్క స్పేర్ ట్యూబూ, పంపూ తప్పక ఉంచుకోండి. శీతకాలంలో నది పొంగితే ఒడ్డు దారులు మునిగిపోతాయి, 1993 డిసెంబరు వరద ఎంత ఎత్తుకు వచ్చిందో ఊళ్ళ గోడల మీద గీతలు చెబుతాయి.

మధ్యలో ఎవరికైనా ఓపిక లేకపోతే రైలెక్కవచ్చని అనుకుంటే ఒక చిక్కు ఉంది. ప్రధాన రైలు మార్గం ట్రియర్ వైపు నుంచి వచ్చి ట్సెల్ దగ్గరి బులాయ్ అనే ఊరి వద్దే నదిని చేరుకుంటుంది. బెర్న్‌కాస్టెల్‌కు రైలు లేదు, ట్రాబెన్-ట్రార్‌బాఖ్‌కు బులాయ్ నుంచి చిన్న శాఖ ఉంది. నది వెంట సాగే రెండో, మూడో రోజుల దూరాలు చిన్నవి పెట్టింది ఇందుకు కూడా.

సాయంత్రం పూట రైతులు తమ ఇంటి ముంగిటే సొంత ద్రాక్ష వైన్ పోసే చిన్న వాకిళ్ళు తెరుస్తారు, వీటిని ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ అంటారు, ఏడాదికి నాలుగు నెలలకు మించి తెరవకూడదని నియమం. అమ్మాయికి ద్రాక్షరసం దొరుకుతుంది. మీరు తాగేది ఏదైనా, అది ఆ రోజు సైకిల్ స్టాండు వేశాకే తాగండి, అక్కడ తాగి సైకిల్ తొక్కడం కూడా నేరమే, రక్తంలో ఆల్కహాల్ వెయ్యికి 1.6 వంతులు దాటితే తూలకపోయినా శిక్ష పడుతుంది. కోకెమ్ నుంచి కోబ్లెంజ్ దాకా దారి చాలా భాగం రహదారి పక్కనే పోతుంది కాబట్టి, మీరు కోరిన ప్రశాంతత కోసం ఆ భాగం సైకిల్ మీద వద్దు, కోకెమ్‌లోనే సైకిళ్ళతో సహా రైలెక్కేయండి.