గుడ్లు విసిరిన పిల్లల వెనక పరిగెత్తొద్దు

(డబ్లిన్‌లో చాలా ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్న మా పాఠకురాలు, ఐర్లాండ్ బతుకు గురించి మనవాళ్లు రాసే ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. డబ్లిన్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను. నగరం శివార్లలోని టాలాలో నలుగురం కలిసి అద్దెకుంటున్నాం. సాయంత్రాలు ఒక రెస్టారెంట్‌లో పార్ట్‌టైమ్. పోయిన వారం రాత్రి లూవస్ ట్రామ్ దిగి నడిచి వస్తుంటే పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు ఆరేడుగురు సైకిళ్ల మీద నా చుట్టూ తిరిగారు. మీ దేశానికి పొమ్మని అరిచారు, గుడ్లు విసిరారు. ఒకడు నా టోపీ లాక్కున్నాడు. నేను ఏమీ అనకుండా వచ్చేశాను. మా రూమ్మేట్లేమో క్రికెట్ బ్యాట్లు పట్టుకుని నలుగురం వెళ్దాం, ఒక్కసారి గట్టిగా తగిలితే మళ్లీ మన జోలికి రారు అంటున్నారు. అప్పటినుంచి నిద్ర పట్టట్లేదు. నేను పిరికివాణ్ణా? అమ్మకి చెప్తే వచ్చేయమంటుందని చెప్పలేదు.

జవాబు: తమ్ముడూ, ఆ బ్యాట్లు తీయొద్దు. ఈ జవాబు మీ రూమ్మేట్లకి కూడా చదివి వినిపించు.

ఎవరినైనా కొట్టాలని బ్యాటో కర్రో పట్టుకుని రోడ్డెక్కడమే ఇక్కడ నేరం. ఒక్క దెబ్బ వేయకపోయినా నేరమే. ఒకవేళ కొట్టారే అనుకో. గార్డా, అంటే ఇక్కడి పోలీసులు వచ్చేసరికి వాళ్ల కళ్లకు కనపడేది నలుగురు ఎదిగిన మగవాళ్లు, చేతుల్లో బ్యాట్లు, కింద ఒక పద్నాలుగేళ్ల పిల్లాడు. పోయిన వారం పడ్డ గుడ్ల గురించి అప్పుడు ఎంత చెప్పుకున్నా లాభం ఉండదు. 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు తప్పు చేస్తే వీలైనంత వరకు కోర్టుకి పంపకుండా, గార్డా డైవర్షన్ ప్రోగ్రామ్‌లో పెట్టి సరిదిద్దాలని చూస్తారు. నీకు ఆ వెసులుబాటు లేదు. చదువయ్యాక ఇక్కడే ఉండి పని చేసుకోవాలంటే స్టాంప్ 1జీ అనే అనుమతి కావాలి. నర్సింగ్ హోమ్‌లో కేర్ అసిస్టెంట్ పని చేయాలంటే గార్డా వెటింగ్, అంటే పాత కేసులేమైనా ఉన్నాయా అని పోలీసులు చేసే తనిఖీ దాటాలి. కేసు పడితే అక్కడ ఇబ్బందే. కొందరు ఆన్‌లైన్‌లో పెప్పర్ స్ప్రే తెప్పించుకుంటున్నారని విన్నాను. దాన్ని ఇక్కడి చట్టం తుపాకుల లెక్కలో వేసింది. లైసెన్సు లేకుండా దగ్గరుంచుకుంటే నువ్వే ముద్దాయివి.

కేసుల మాట అటుంచు. ఆ పిల్లలు అక్కడే పుట్టి పెరిగినవాళ్లు. వాళ్లకి అన్నలుంటారు, అన్నలకి స్నేహితులుంటారు. నువ్వు రోజూ అదే స్టాపులో, అదే టైముకి, ఒంటరిగా దిగాలి.

నేను ఎమర్జెన్సీలో పనిచేస్తాను. వీధి గొడవల్లో దెబ్బలు తిన్నవాళ్లు వస్తే కట్టు కడుతూ ఎలా జరిగిందని అడుగుతాను. చాలామంది చెప్పేది ఒకటే: ఏదో అన్నారు, వెనక్కి తిరిగి నేనూ అన్నాను. ఆ పిల్లలకు కావలసింది నువ్వు వెనక్కి తిరగడమే. నువ్వు తిరిగితే వాళ్లకు ఆట మొదలవుతుంది, ఫోన్లో వీడియో దొరుకుతుంది. ఇంకో సంగతి, ఇది నర్సుగా చెప్తున్నాను. పిడికిలి దెబ్బ కన్నా ప్రమాదం, కింద పడినప్పుడు తల వెనక భాగం ఫుట్‌పాత్ అంచుకి తగలడం. ఒక్క గుద్దుకే మనిషి ప్రాణం మీదికి రావచ్చు. తలకి దెబ్బ తగిలాక వాంతులైనా, మగతగా ఉన్నా, మాట తడబడినా పడుకుంటే తగ్గుతుందని ఊరుకోవద్దు. 112కి గానీ 999కి గానీ ఫోన్ చేసి అంబులెన్స్ పిలిపించు.

నువ్వు ఆ రాత్రి చేసింది సరైన పని. పిరికితనం అనే మాట మనసులోంచి తీసేయ్. ఆరేడుగురి మధ్య నుంచి దెబ్బ తగలకుండా ఇల్లు చేరావు. నాకు తమ్ముడుంటే వాడూ అలాగే చేయాలని కోరుకుంటాను.

ఇక రోజూ తిరిగే దారి గురించి. బస్సులో పై అంతస్తు వెనక సీట్లు ఇలాంటి గుంపులవి. కింద, డ్రైవర్‌కి దగ్గరగా కూర్చో. ట్రామ్‌లో రాత్రిపూట జనం ఉన్న పెట్టెలోనే ఎక్కు. గుంపు ఎక్కి గోల మొదలుపెడితే మీ స్టాపు దాకా ఓర్చుకోవాల్సిన పని లేదు, జనం ఉన్న స్టాపులో దిగి తర్వాతి ట్రామ్ పట్టుకో. నడిచేటప్పుడు వెనక సైకిళ్లు వినిపిస్తే లైట్లు వెలుగుతున్న పెట్రోల్ బంకులోకో, సెంట్రా, స్పార్ లాంటి షాపులోకో వెళ్లిపో. కౌంటర్ దగ్గర నిలబడి, బయట కొందరు వెంటపడుతున్నారు, కాసేపు ఇక్కడ ఉంటానని చెప్పు. ఆ గుంపు నీ ఫోన్ ఇమ్మంటే ఇచ్చేయ్, దాని ఖరీదు నీ పళ్ల ఖరీదు కన్నా తక్కువే. పార్కులోంచి దగ్గరిదారి వద్దు. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగుంబావుకే ఇక్కడ చీకటి పడుతుంది, సాయంత్రమే కదా అనుకునే వేళే మనకి రాత్రి. అక్టోబర్ 31న హాలోవీన్. ఆ వారమంతా పిల్లలు గుంపులుగా మంటలేస్తారు, నిషేధమున్నా టపాకాయలు మనుషుల మీదికి విసురుతారు. మేనేజర్‌ని ముందే అడిగి ఆ వారం షిఫ్టులు పగటికి మార్పించుకో.

ఆ పిల్లల్ని నువ్వు ఫోన్లో వీడియో తీయొద్దు, చెయ్యి పట్టుకుని ఆపొద్దు. ఎందుకంటే, 2025 జూలైలో మీ టాలాలోనే, కిల్నమనా ప్రాంతంలో ఏం జరిగిందో గుర్తుంచుకో. వచ్చి కొన్ని వారాలే అయిన ఒక భారతీయుణ్ణి కుర్రాళ్ల గుంపు రక్తం కారేలా కొట్టింది. ఆ తర్వాత, అతను పిల్లలతో తప్పుగా ప్రవర్తించాడని సోషల్ మీడియాలో అబద్ధం పుట్టించారు. ఆ నింద ఎంత తేలిగ్గా అంటుకుంటుందో ఆ ఒక్క సంఘటన చూస్తే తెలుస్తుంది. మైనర్ పిల్లలకు, నీకు మధ్య దూరం ఎప్పుడూ నలుగురికీ కనపడేలా ఉండాలి.

దూరం జరగమన్నాను గానీ నోరు మూసుకోమనలేదు. మనవాళ్లు ఇక్కడే పొరపాటు చేస్తున్నారు. వీసా మీద ఉన్నాం, ఎందుకొచ్చిన తంటా అని స్టేషన్ మెట్లెక్కరు. ఫిర్యాదు చేసినందుకు నీ వీసాకి ఏమీ కాదు. రేపే టాలా గార్డా స్టేషన్‌కి వెళ్లు. తేదీ, టైము, స్టాపు పేరు, ఎంతమంది, వాళ్లు అన్న మాటలు అన్నట్టుగానే కాగితం మీద రాసుకెళ్లు. టోపీ లాక్కోవడం కూడా చెప్పు. ఇది జాతి ద్వేషంతో చేసినదని నాకు అనిపిస్తోందని నోరు తెరిచి చెప్పు, ఆ సంగతి నమోదు చేయమను. ద్వేషంతో చేసిన కొన్ని నేరాలకు ఎక్కువ శిక్ష వేసే చట్టం 2024 డిసెంబర్ ఆఖరున అమల్లోకి వచ్చింది. వచ్చే ముందు పల్స్ నంబర్ అడిగి తీసుకో, అంటే వాళ్ల కంప్యూటర్లో నీ కేసు నంబర్. స్టాపులోని సీసీటీవీ దృశ్యాలు ఎల్లకాలం దాచరు కాబట్టి ఆలస్యం చేయకు. స్టేషన్‌కి వెళ్లడం కష్టమైతే గార్డా వెబ్‌సైట్‌లో ద్వేష నేరాలు తెలపడానికి ఫారం ఉంది. మాట్లాడే మనిషి కావాలంటే నేరబాధితుల హెల్ప్‌లైన్ 116 006, ఖర్చేమీ ఉండదు. మీ కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులోనూ చెప్పు.

కిల్నమనా దాడి జరిగాక వారం తిరగకముందే టాలాలో వందలమంది స్థానికులు మన తరఫున రోడ్డెక్కారు. మీ వీధిలోనూ అలాంటివాళ్లు ఉన్నారు. పక్కింటి ముసలమ్మ చెత్తడబ్బా బయటపెడుతుంటే పలకరించు, పేరు చెప్పు. ఆ వీధిలో నీ పేరు తెలిసిన పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే, పిల్లలు నీ గుమ్మం ముందు రెచ్చిపోవడానికి జంకుతారు. నేను ఉన్న మూడు ఇళ్ల దగ్గరా ఇది చూశాను.

అమ్మకి నువ్వే చెప్పు. వాట్సాప్‌లో ఎవరిదో రక్తం కారే ముఖం చూసి నువ్వేనేమోనని ఆమె హడలిపోకముందే చెప్పు.

ప్రశ్న: అమ్మా, మాది తెనాలి. మా అమ్మాయి సెప్టెంబర్‌లో కార్క్‌లో చదువుకోవడానికి వెళ్తోంది. బొట్టు తీసేయమని, బయట తెలుగులో మాట్లాడొద్దని చుట్టాలు చెప్తున్నారు. చెప్పమంటారా?

జవాబు: నన్నడిగితే చెప్పొద్దమ్మా. బొట్టు తీసేసినంత మాత్రాన ఒంటి రంగు మారదు, దాడి చేసేవాడు రంగు చూస్తాడు. 2025 ఆగస్టులో వాటర్‌ఫర్డ్‌లో ఇంటి ముందు ఆడుకుంటున్న ఆరేళ్ల భారతీయ సంతతి పాపని కూడా కొట్టారు. ఆ పాప తీసేయాల్సింది ఏముంది? పెట్టుకోవాలా వద్దా అనేది మీ అమ్మాయికే వదిలేయండి. తెలుగు మాట్లాడుకోనివ్వండి. రాత్రి బస్సులో మాత్రం స్పీకర్ పెట్టి వీడియో కాల్ మాట్లాడొద్దని చెప్పండి. చెవులూ కళ్లూ ఫోన్లో ఉంటే చుట్టూ ఏం జరుగుతోందో తెలియదు.

మీరు పట్టుబట్టాల్సింది ఇంటి విషయంలో. ఇరవై, ముప్పై యూరోలు తగ్గుతాయని ఊరి చివర గది తీసుకోనివ్వకండి. బస్‌స్టాపు నుంచి ఇంటిదాకా దీపాలున్న రోడ్డు ఉండాలి. డబ్బు కట్టేముందు అక్కడున్న మనవాళ్లెవరినైనా రాత్రి తొమ్మిదింటికి ఆ దారిలో నడిచి చూడమని అడగండి. విమానం టికెట్ కూడా పగటిపూట దిగేదే చూడండి.