రివర్స్ ఆక్షన్‌లో పని వస్తే స్కాన్ ఫైళ్లు ఎవరివి?

సందేహం: మాది గవర్నర్‌పేటలో చిన్న స్కానింగ్ షాపు. ఓ ప్రభుత్వ ఆఫీసు పాత రికార్డులు స్కాన్ చేసే పనికి జెమ్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ పోర్టల్) బిడ్ వేశాం. రివర్స్ ఆక్షన్, అంటే ధర తగ్గించుకుంటూ పోటీ పడే వేలం, ఉంటుందంటున్నారు. మన రాష్ట్రంలో అది రద్దయింది కదా? పని వస్తే ఫైళ్ల కాపీ మా దగ్గర ఉంచుకోవచ్చా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రద్దయింది 2019లో రాష్ట్రం తెచ్చిన రివర్స్ టెండరింగ్. దాన్ని 2024లో తీసేశారు. జెమ్ కేంద్రానిది, 2016 నుంచి నడుస్తోంది. అందులో రివర్స్ ఆక్షన్ ఇప్పటికీ ఉంది.

కాపీ మాత్రం ఉంచుకోకండి. కాగితాలు ఆఫీసువి, వాటి ఫైళ్లూ ఆఫీసువే. వాటిలో జనం పేర్లు, ఆధార్ నంబర్లు, ఆస్తి వివరాలు ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వాటిని కాపాడే బాధ్యతను ఆఫీసు మీదే పెట్టింది. మీరు వాళ్ల తరఫున పనిచేసే ప్రాసెసర్ మాత్రమే. అయినా డేటా బయటికి పొక్కితే, ఒప్పందం చేత్తో పట్టుకుని మీ షాపుకే వస్తారు.

అసలు సంగతి ధర దగ్గర ఉంది. బ్రాడీపేటలో స్నేహితుడి పక్కన కూర్చుని ఒకసారి ఆక్షన్ చూశాను. పోటీదారుల పేర్లు కనపడవు. అప్పటికి నడుస్తున్న తక్కువ ధర, మిగిలిన టైమ్, అంతే. ఆఖరి నిమిషాల్లో ఎవరో తగ్గించారు, టైమ్ మళ్లీ పెరిగింది. టెన్షన్‌లో మావాడు పేజీకి 40 పైసలు తగ్గించేశాడు. 5 లక్షల పేజీల పని, అంటే 2 లక్షలు పోయినట్టే. పని వచ్చాక షరతులు చదివితే ఫైళ్లలో పదాలు వెతికితే దొరకాలి, రెండు హార్డ్ డిస్కుల్లో ఇవ్వాలి, ఏడాది పాటు తప్పులు ఉచితంగా దిద్దాలి అని ఉంది. ఆ ఖర్చేదీ వాడి లెక్కలో లేదు.

ఆక్షన్‌లో ధర తగ్గుతుంది కానీ, షరతులు తగ్గవు. కాబట్టి బిడ్ డాక్యుమెంటు చివర్లో కొనుగోలుదారు అదనంగా చేర్చిన షరతులు ఇవాళే చదవండి. ఫైళ్లు ఏ ఫార్మాట్‌లో అడిగారు, మీ కంప్యూటర్లలో డేటా చెరిపేశాక సర్టిఫికెట్ ఇవ్వాలా, మీ సొంత సాఫ్ట్‌వేర్ వాడితే సోర్స్ కోడ్ కూడా అడుగుతున్నారా, ఆలస్యానికి జరిమానా ఎంత అన్నవి చూడండి. వీటన్నిటి ఖర్చు కలిపి, ఇంతకంటే కిందికి దిగను అనే అంకెను కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించండి. అది దాటితే వదిలేయండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉందా? సూక్ష్మ, చిన్న సంస్థలకు పని అంగీకరించిన 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోంది. రిజిస్ట్రేషన్ లేకపోతే ముందు అది చేయించండి, ఫీజు ఏమీ ఉండదు.