ముందు బూట్లు, తర్వాతే స్కీలు

ప్రశ్న: పోయిన చలికాలం నేను, మా తమ్ముడు ఉత్తరాఖండ్‌ల ఉన్న ఔలీకి పోయి వారం రోజులు మంచు వాలు మీద స్కీయింగ్ నేర్చుకున్నం. ఈసారి సొంత స్కీలు కొనాలనుకుంటున్నం. వాలు దిగనీకి, క్రాస్ కంట్రీకి (చదును మంచు మీద అడుగులేస్తూ జారుకుంట పోనీకి) ఒకటే జత సరిపోతదా? నా ఎత్తు 172 సెం.మీ., బరువు 68 కిలోలు.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: సరిపోదు. తేడా అంతా మడమ దగ్గరే ఉంది. వాలు దిగే స్కీకి బూటు ముందూ వెనకా బిగుసుకుంటుంది, మడమ కదలదు. క్రాస్ కంట్రీలో బూటు వేళ్ల దగ్గర మాత్రమే పట్టుకుంటుంది, అడుగడుగునా మడమ లేవాలి. దీని బూటు దాని బైండింగ్‌లో, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే అమరికలో, కూర్చోదు.

మీరు నేర్చుకున్నది వాలు దిగడమే కాబట్టి ముందు ఆ బూట్లు కొనండి. స్కీలు ఇంకో ఏడాది అద్దెకు తీసుకున్నా నష్టం లేదు. ఇంట్లో గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడండి. పొడవైన వేలి చివర పెన్సిల్‌తో గీత పెట్టి కొలవండి. 26.5 సెం.మీ. వస్తే బూటు సైజూ 26.5. దుకాణంలో లోపలి మెత్తటి లైనర్ తీసేసి, ఖాళీ ప్లాస్టిక్ డొప్పలో కాలు పెట్టండి. వేళ్లు ముందుకు ఆనించినప్పుడు మడమ వెనక ఒకటిన్నర, రెండు సెం.మీ. సందు ఉండాలి. అంతకు మించితే స్కీ మీ మాట వినదు. సాక్సులు పల్చటివి ఒక్క జతే. చలికి భయపడి రెండు తొడిగితే రక్తం సరిగా ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి.

స్కీ పొడవు మీ గడ్డానికీ ముక్కుకూ మధ్యకు, అంటే 150–160 సెం.మీ. రావాలి. స్కీ నడుము, అంటే మధ్యభాగం, వెడల్పు 70–80 మి.మీ. చాలు. చేతికర్రలు 120 సెం.మీ. పడ్డప్పుడు బూటును వదిలేసే బైండింగ్ బిగింపును మాత్రం దయచేసి స్క్రూడ్రైవర్‌తో మీరే తిప్పకండి. ఎక్కువైతే మోకాలు మెలిపడుతుంది, తక్కువైతే మలుపులోనే స్కీ ఊడుతుంది. బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు చూసి మెకానిక్ పెట్టాల్సిన లెక్క అది.

క్రాస్ కంట్రీ స్కీ పొడవు 190 సెం.మీ. దరిదాపు ఉంటుంది గానీ, అక్కడ ఎత్తు కంటే బరువు ముఖ్యం. చదునైన బండల మీద రెండు స్కీల మీదా సమంగా నిలబడండి. పాదం కింద, స్కీకీ బండకూ మధ్య పెట్టిన కాగితం సులువుగా జరగాలి. బరువంతా ఒక్క కాలి మీద వేస్తే అది కదలకూడదు. అప్పుడూ జరిగితే స్కీ మీకు గట్టిది, ఎక్కేచోట వెనక్కి జారుతుంది. మొదటి జతకు మైనం రాసే పని లేని, అడుగున చేప పొలుసుల్లాంటి గీతలున్నదే మేలు.

ప్రశ్న: పాత స్కీలు, బూట్లు కొన్నం. ఎండాకాలం మా రేకుల షెడ్డులో పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: వద్దు, ఇంట్లో చల్లటి గదిలో పెట్టండి. ఉక్కు అంచులు తుడిచి ఆరబెట్టి, అడుగుకు మైనం మందంగా పట్టించి గీకకుండా వదలండి. బూట్ల బకిల్స్ వదులుగా తగిలించి ఉంచితే డొప్ప ఆకారం చెడదు. ఆ బూట్లు పదేళ్లు దాటినవైతే వాడకండి, చలిలో పాత ప్లాస్టిక్ ఒక్కసారిగా పగులుతుంది.