యోకోటే వెళ్తున్నావుగా, కాస్త విని వెళ్ళు

చిరంజీవి శ్రావణికి,

నీ ప్లాన్ చూశాను. నాలుగు రోజుల్లో ఏడు పండగలా! టోక్యోలో రెండేళ్ళున్నా నీకింకా ఉత్తర జపాన్‌లోని అకితా మంచు సంగతి తెలియలేదమ్మా. అక్కడ ఫిబ్రవరిలో అడుగు తీసి అడుగెయ్యడానికే టైం పడుతుంది. రెండు ఉంచుకో, మిగతావి కొట్టెయ్.

మొదటిది కాకునోదాతెలో, 13, 14 తేదీల రాత్రి. గడ్డితో అల్లిన బొగ్గుల బస్తాకి తాడు కట్టి, నిప్పంటించి, మంచులో నిలబడి తమ చుట్టూ గిరగిరా తిప్పుతారు. నిప్పురవ్వలు ఎగురుతాయి కాబట్టి ఆ ఖరీదైన జాకెట్ వేసుకుని ముందు వరసలో నిలబడకు.

రెండోది యోకోటేలో కమాకురా, సంప్రదాయంగా 15, 16 తేదీల్లో, ఈసారి తేదీలు ఒకసారి సరిచూసుకో. పెద్ద బుద్ధుడున్న కమాకురా ఊరు వేరే, ఇక్కడ కమాకురా అంటే మంచు గుడిసె. కొమాచి షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కి ఓమగారిలో దిగి, ఓఉ లైన్‌లో లోకల్ రైలెక్కితే ఇరవై నిమిషాలు. కొమాచిలో అన్నీ రిజర్వుడు సీట్లే, టికెట్ ముందే తీసుకో. ఊళ్ళో రూము దొరక్కపోతే ఓమగారిలోనో అకితాలోనో చూసుకో, కానీ తిరుగు రైలు టైం రాసి జేబులో పెట్టుకో. చలికి ఫోన్ చార్జింగ్ ఇట్టే పడిపోతుంది. నాది ఒకసారి ప్లాట్‌ఫామ్ మీదే చచ్చిపోయింది.

బూట్లు లేసులవి వద్దు. గుడిసెలో చాప మీద కూర్చోవాలంటే విప్పాలి కదా. నేను గడ్డకట్టిన ముడి విప్పలేక తంటాలు పడుతుంటే లోపలి పిల్లలు ఒకటే నవ్వు. నడిచేటప్పుడు వానాకాలం పొలం గట్టు మీద నడిచినట్టు, పాదం మొత్తం ఆనించి చిన్న అడుగులు వెయ్యి. వెచ్చదనానికి కైరో ప్యాకెట్లు, అదే వాటంతట అవే వేడెక్కే పొట్లాలు, బట్టల మీదే అంటించుకో. చర్మం మీద పెట్టుకుని నేను నడుం మీద బొబ్బ తెచ్చుకున్నాను.

చీకటి పడ్డాక గుడిసెల్లోంచి పిల్లలు "హైత్తే తన్సే" అని పిలుస్తారు. అకితా యాసలో లోపలికి రండని. ఫోటో తీసుకుని పక్క గుడిసెకి పరుగెత్తకు, వెళ్ళి కూర్చో. ఎదురుగా మంచు గోడలోనే తొలిచిన గూట్లో జలదేవత ఉంటుంది. "ఒగండే తన్సే" అంటే దణ్ణం పెట్టుకోమని. చిల్లర దక్షిణ వెయ్యి, నోటు తీసి వాళ్ళని ఇబ్బంది పెట్టకు. బొగ్గుల కుంపటి మీద మోచి, అంటే బియ్యపు ముద్ద, కాలుతూ మధ్యలో బుసబుసా పొంగుతుంది, చూస్తూ ఉండు. అమజాకే పోస్తారు. పేరులో సాకే, అంటే జపాన్ మద్యం, ఉందని కంగారు పడకు. బియ్యంతో చేసేదే, తీపి తగ్గించిన పరమాన్నం జారుగా చేస్తే ఎలా ఉంటుందో అలా. నువ్వు మాంసం తినవు కనుక ఈ రెండూ కడుపునిండా తిను. ఊరి ఫేమస్ యాకిసోబా (వేయించిన నూడుల్స్)లో పంది కీమా వేస్తారు, పైన గుడ్డు ఉందని మోసపోకు.

బయటికొచ్చాక నది ఒడ్డుకి వెళ్ళు. అక్కడ గుప్పెడంత గుడిసెలు వేలల్లో, ఒక్కోదాంట్లో ఒక్కో కొవ్వొత్తి. మెత్తటి మంచు పడుతుంటే గొడుగు తియ్యకు, టోపీ చాలు.

17వ తేదీ సెలవు దొరికితే ఆగు. ఆ ఉదయం అసాహియోకాయామా గుడికి బోండెన్లు, అంటే అలంకరించిన పొడుగాటి గెడలు, మోసుకొస్తారు. గుడి గుమ్మం దగ్గర మగవాళ్ళ తోపులాట మామూలుగా ఉండదు. నువ్వు మెట్ల పక్కన ఎత్తు చూసుకుని నిలబడు.

ఆ లేసుల బూట్లు ఇప్పుడే మార్చెయ్.

మీ పెద్దనాన్న