నవలా రచయిత గేమ్‌కు రాస్తే అందులోని కథంతా ఆయనదేనా?

కాదు, హారర్, ఫాంటసీ నవలలు రాసే రచయిత పేరు వీడియో గేమ్‌పై ఉన్నంత మాత్రాన అందులోని ప్రతి మాటా ఆయనే రాశారని అర్థం కాదు, చాలాసార్లు ఆయన పని కథాలోకంలో ఒక భాగానికే పరిమితమవుతుంది.

నవలలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది రచయిత చేతిలో ఉంటుంది, గేమ్‌లో అది ఆడేవారి చేతిలోకి వెళ్తుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామిలో ఒక హారర్ కథ జరుగుతోందనుకుందాం. నవలలో పాత్ర తల వంచి గుండ్రటి ఇరుకు ద్వారం దాటగానే వెనుక ఇనుము మీద గోళ్ల చప్పుడు వినిపిస్తుంది. గేమ్‌లోనైతే ఆడేవారు ఆ ద్వారం దాటకపోవచ్చు, వెనక్కి మళ్లవచ్చు, పది నిమిషాలు అక్కడే నిలబడిపోవచ్చు; ఆ ఒక్కో అవకాశానికీ ధ్వని, వెలుతురు, మాట సిద్ధం చేయాలి కాబట్టి అది డిజైనర్లు, ప్రోగ్రామర్లు, ఇతర రచయితలు కలిసి చేయవలసిన పని. భయాన్ని సరైన క్షణంలో పుట్టించడం ఇక్కడ నిజంగా కష్టం.

2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ అనే ఫాంటసీ గేమ్‌లోని సంభాషణలను నవలా రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాశారన్నది చాలామందిలో ఉన్న అపోహ. ఆయన ఇచ్చింది ఆట మొదలయ్యే కాలానికి ఎంతో ముందు ఆ లోకంలో జరిగిన చరిత్ర. దానిపై ఆట కథను గేమ్ దర్శకుడు హిదెటాకా మియజాకి నాయకత్వంలోని బృందం నిర్మించింది. అలాగని రచయితలందరూ దూరంగానే ఉంటారనుకోవడమూ పొరపాటే: తన కథ ఆధారంగా 1995లో వచ్చిన గేమ్ రూపకల్పనలో హార్లన్ ఎల్లిసన్ స్వయంగా పాలుపంచుకుని, అందులోని క్రూరమైన కంప్యూటర్‌కు గొంతు కూడా ఇచ్చారు.